తుంటి ఆపరేషన్ తరవాత అమ్మ తినట్లేదు, సెలైన్ పెట్టించాలా అని అడిగినవారికి

ఇచ్ఛాపురం నుంచి ఒకాయన అడిగారు. వాళ్ళమ్మగారికి 74 ఏళ్ళు, బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరిగితే ఒడిశాలోని బరంపురంలో ఆపరేషన్ చేయించారు, రెండు వారాల పైనే ఆసుపత్రిలో ఉండి ఇప్పుడు ఇంటికొచ్చారు. నాలుగు నెలల కిందట 46 కిలోలు ఉండేవారట, ఇప్పుడు 38. ఎత్తు 148 సెంటీమీటర్లు. పూటకి నాలుగు ముద్దల చారన్నం తిని నోరు సయించట్లేదని పక్కకి జరిపేస్తున్నారు. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.6 ఉంది. డిశ్చార్జ్ కాగితంలో తిండి గురించి నార్మల్ డైట్ అని రెండు మాటలే ఉన్నాయి. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు సెలైన్ ఎక్కిస్తే బలమొస్తుందంటున్నారు, చెల్లెలు ప్రోటీన్ డబ్బా కొనమంటోంది, మేనత్తగారేమో పప్పూ గుడ్డూ పెడితే కుట్లు చీము పడతాయంటున్నారు. ఎవరి మాట వినాలి అని మీ ప్రశ్న.

నేను బరంపురం, పర్లాకిమిడి వైపు ఆసుపత్రుల్లో డైటీషియన్‌గా చాలా ఏళ్ళు చేశాను. ఉద్దానం నుంచి, గజపతి, రాయగడ వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ళని వార్డుల్లో చూశాను, కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి. ముందు ఒక్క మాట చెప్తాను, మిగతాదంతా దాన్నుంచే వస్తుంది. మీ అమ్మగారికి తిండి కూడా డోసు ప్రకారం నడవాలి, రోజుకి ఎంత, ఎన్ని సార్లు, ఎన్నాళ్ళు అని రాసుకుని పెట్టాలి, ఏదో తినగలిగినంత తిననీ అని వదిలేస్తే ఆపరేషన్ ఎంత బాగా జరిగినా ఆవిడ మంచం దిగరు.

ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. స్విట్జర్లాండ్‌లో ఎనిమిది ఆసుపత్రుల్లో రెండు వేలమందికి పైగా రోగుల మీద ఒక పెద్ద అధ్యయనం చేసి 2019లో ఫలితాలు ఇచ్చారు. సగం మందికి డైటీషియన్ లెక్కకట్టి ఎవరికి తగ్గట్టు వాళ్ళకి తిండి, అవసరమైతే పోషకాహార పానీయాలు ఇచ్చారు, మిగతా సగానికి మామూలు ఆసుపత్రి తిండే. నెల రోజులకి చూస్తే మామూలు తిండి వాళ్ళలో నూటికి 10 మంది చనిపోతే లెక్కప్రకారం తిన్నవాళ్ళలో 7 గురు. వందకి ముగ్గురంటే తక్కువనిపించొచ్చు, కానీ తిండితో ముగ్గురు బతకడమంటే చాలా మందుల కంటే మెరుగు. అయితే అదే రోగుల్ని ఆర్నెల్లకి మళ్ళీ చూస్తే ఆ తేడా నిలవలేదు, బహుశా ఆ సాయం ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళదే కావడం వల్ల, ఇంటికెళ్ళాక అది సాగలేదు. అంటే ఇప్పుడు మీరున్న ఈ ఇంటి దశే అసలైన దశ, కానీ మన దగ్గర ఎవరూ ఏమీ చెప్పకుండా పంపించేసేది కూడా ఇక్కడే.

ఇక మీ అమ్మగారి లెక్కకి వద్దాం. 46 నుంచి 38 అంటే 8 కిలోలు, శాతంలో 17. ఆర్నెల్లలో 5 శాతం దాటి తగ్గినా పోషకాహార లోపం కిందే చూడాలి, కాబట్టి ఇక్కడ సందేహమే లేదు. బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క, 17కి కొంచెం పైన వస్తుంది, 70 దాటిన మన ఆసియా వాళ్ళకి 20 కంటే తక్కువుంటేనే లోపం అంటారు. ఒక టేపు తీసుకుని పిక్క లావుగా ఉన్న చోట చుట్టుకొలత చూడండి, 31 సెంటీమీటర్ల లోపుంటే కండ కరిగిందనే అర్థం. కాళ్ళు వాచి ఉంటే ఈ కొలతా, బరువూ రెండూ మోసం చేస్తాయి, చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కి గుంట పడుతోందేమో చూసుకోండి.

కండ ఇంత తొందరగా ఎలా పోయిందని మీకు అనిపించొచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళనే పది రోజులు మంచం మీద పడుకోబెట్టి చూస్తే కాళ్ళ కండే దాదాపు కిలో తగ్గింది, వాళ్ళకి ఏ జబ్బూ లేదు, తిండి కూడా లెక్కప్రకారం పెట్టారు. మీ అమ్మగారికి దాని మీద ఎముక విరిగిన బాధ, ఆపరేషన్, ఇన్‌ఫెక్షన్ మందులు, అర్ధాకలి అన్నీ కలిశాయి. ఇంకోటి, మన వైపు పెద్దావిడలు ఆసుపత్రికి వచ్చేసరికే సగం చిక్కిపోయి ఉంటారు, అందరికీ పెట్టి ఆఖర్న మిగిలింది తినడం, భర్త పోయాక ఒంటిపూట భోజనం, సోమవారం ఒకటి శనివారం ఒకటి ఒక్కపొద్దులు, వాటి మధ్యలో ఏకాదశి. వాళ్ళ భక్తిని తప్పుపట్టట్లేదు, కానీ ఈ రెండు మూడు నెలలు ఒక్కపొద్దులు ఆపమని మీరే కాదు, ఆవిడ నమ్మే పంతులు గారి చేత కూడా చెప్పించండి, జబ్బు మనిషికి ఉపవాసం లేదని ఆయన నోటితో వస్తే వింటారు.

సెలైన్ సంగతి. మామూలు సెలైన్ అంటే ఉప్పునీళ్ళు, అందులో ఒక్క కేలరీ కూడా లేదు. గ్లూకోజు కలిసిన సీసా, అయిదు శాతంది, అర లీటరు ఎక్కిస్తే అందులో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు, 100 కేలరీల లోపే, ప్రోటీన్ సున్నా. ఒక గుడ్డూ చిన్న అరటిపండూ అంతకంటే ఎక్కువిస్తాయి. ఎక్కించాక గంట సేపు మనిషి తేటగా కనిపిస్తారు, అది నీళ్ళు తక్కువై ఉన్న ఒంటికి నీళ్ళు అందడం వల్ల, బలం వచ్చి కాదు. పైగా గుండె, కిడ్నీ బలహీనంగా ఉన్న మనిషికి ఇంట్లో సీసాల మీద సీసాలు ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తక్కువుందని ఆ ఇంజెక్షన్ ఖరీదు పెట్టి తెచ్చేవాళ్ళూ ఉన్నారు, ఒంట్లో ఇన్‌ఫెక్షన్, వాపు ఉంటే ఆల్బుమిన్ దానంతటదే పడిపోతుంది, అది తిండి కొలత కాదు, ఆ సీసా తిండికి బదులూ కాదు. ఆకలి పుట్టించే సిరప్ అని మెడికల్ షాపులో ఇచ్చేవాటిలో ఎక్కువగా సైప్రోహెప్టడిన్ అనే మందు ఉంటుంది, 65 దాటినవాళ్ళకి దాంతో మత్తు, అయోమయం, మూత్రం ఆగిపోవడం వస్తాయి, మళ్ళీ జారిపడతారు. అది వద్దే వద్దు.

చీము సంగతి మేనత్తగారికి నెమ్మదిగా చెప్పండి, ఆవిడ ప్రేమతోనే అంటున్నారు. ఈ పథ్యం మన ఇళ్ళల్లో చాలా పాతది, కానీ చీము పట్టేది క్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. కుట్టు అతుక్కోవడానికి కొత్త చర్మం, కొత్త కండ తయారవ్వాలి, దానికి కావాల్సిన సరుకు ప్రోటీనే. పప్పూ గుడ్డూ పాలూ అన్నీ ఆపేసి చారూ అన్నంతో నెలరోజులు గడిపిన వాళ్ళకే పుండు మానక మళ్ళీ వార్డుకి రావడం నేను ఎక్కువగా చూశాను. నడుం కింద, తుంటి పక్కన, మడమల దగ్గర చర్మం ఎర్రబడుతోందేమో రోజూ చూడండి, బెడ్‌సోర్ మొదలైతే ప్రోటీన్ అవసరం ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త ఒకటి, ఇది చాలామంది చెప్పరు. రెండు మూడు వారాలుగా సరిగ్గా తినని మనిషికి ఒక్కసారిగా బాగా పెట్టేయకూడదు. ఆకలికి అలవాటు పడ్డ ఒంట్లోకి పిండిపదార్థం ఒకేసారి వెళ్తే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం అమాంతం పడిపోతాయి, గుండె లయ తప్పొచ్చు, కాళ్ళు వాస్తాయి, ఆయాసం వస్తుంది. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. మూడు నుంచి ఆరు నెలల్లో 15 శాతం దాటి బరువు తగ్గితే ఆ ఒక్క లక్షణంతోనే ప్రమాదం ఎక్కువున్నట్టు లెక్క, మీ అమ్మగారు 17లో ఉన్నారు. అందుకే మొదలు కిలోకి 10 కేలరీలు, అంటే రోజుకి 380 దగ్గర, ఇప్పుడు ఆవిడ తింటున్నది ఇంచుమించు అంతే ఉంటుంది, అక్కణ్ణించి రోజుకి 150, 200 చొప్పున పెంచుకుంటూ వారంలో 1150, 1200 కి చేరండి. తిండి పెంచే ముందే డాక్టరు గారిని అడిగి థయమిన్, అదే బి1 మాత్ర, మొదలుపెట్టించండి, రక్తంలో ఆ మూడు లవణాలూ పరీక్ష చేయించండి, నాలుగైదు రోజులకి మళ్ళీ ఒకసారి.

కిడ్నీ విషయం విడిగా చెప్పాలి, ఉద్దానం చుట్టుపక్కల కిడ్నీ జబ్బు భయం ఎలాంటిదో మీకు నేను చెప్పక్కర్లేదు, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఎక్కడ చూసినా ఇంటికొకరి కథ ఉంటుంది. ఆ భయంతో క్రియాటినిన్ కొంచెం పెరగ్గానే పప్పు బంద్, గుడ్డు బంద్, చేప బంద్ అనేస్తారు. 1.6 అనేది మీ అమ్మగారి వయసుకీ ఒంటికీ చిన్న సంఖ్య కాదు, కిడ్నీ వడపోత శక్తి మామూలులో మూడో వంతుకి అటూ ఇటూ ఉంటుంది, పైగా క్రియాటినిన్ కండ నుంచి వస్తుంది కాబట్టి కండ కరిగిన మనిషిలో అసలు వడపోత ఆ లెక్క కంటే కొంచెం తక్కువే ఉండొచ్చు. అయినా సరే, కిడ్నీ జబ్బుకి ప్రోటీన్ తగ్గించమనే సలహా నిలకడగా ఉండి ఒళ్ళు బాగున్న వాళ్ళకి. ఇలా కృశించిపోయిన పెద్దవాళ్ళకి ప్రోటీనూ కేలరీలూ కొంచెం పెంచే ఆలోచన చేయమని 2024లో వచ్చిన అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలే చెప్తున్నాయి. డయాలిసిస్ మీదున్న వాళ్ళకయితే ఇంకా ఎక్కువ కావాలి, కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు, ఎందుకంటే డయాలిసిస్‌లో ప్రోటీన్ కొంత పోతుంది. మీ అమ్మగారికి నేనయితే కిలోకి 1 గ్రాముతో, అంటే రోజుకి 38, 40 గ్రాములతో మొదలుపెట్టి, రెండు వారాలకి క్రియాటినిన్ చూసి 45 దాకా తీసుకెళ్తాను, కానీ ఆఖరి మాట ఆవిడ్ని చూసే కిడ్నీ డాక్టరుదే. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గరే, ఒకసారి తీసుకెళ్ళండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను, పొటాషియం రిపోర్టు చూసేదాకా కొబ్బరి నీళ్ళు వద్దు. మన తోటల్లో బొండాలకి లోటు లేదు, చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ రెండు తెచ్చి తాగిస్తారు, కిడ్నీ మందగించిన మనిషికి ఆ పొటాషియం గుండె మీద పడుతుంది.

సరే, ఏం పెట్టాలి. ముందు చోడి, అంటే రాగి, అంబలి చూద్దాం, ఎందుకంటే జబ్బు మనిషికి మనమంతా ఇచ్చేది అదే. రెండు చెంచాల చోడిపిండి, నీళ్ళూ ఉప్పూ వేసి కాస్తే గ్లాసుకి 70 కేలరీలు, ప్రోటీన్ గ్రామున్నర. కడుపు నిండుతుంది, ఒంటికేం అందదు. అదే పిండిని గ్లాసు పాలతో కాచి, చెంచా నెయ్యో నూనో కలిపితే 250 దాకా వస్తుంది, ప్రోటీన్ 8. గ్లాసు అదే, తాగే శ్రమ అదే. మీరు చేయాల్సిందంతా ఇదే పద్ధతి, ఆవిడ తినగలిగిన ఆ నాలుగు ముద్దల్లో ఎంత సత్తువ కూరగలమా అని చూడటం. మెత్తటి అన్నంలో చారు బదులు ముద్దపప్పు పలచగా చేసి నెయ్యి వేయండి, లేదా ఒడియా వాళ్ళ దాల్మా చేయండి, కందిపప్పులో బొప్పాయికాయ, గుమ్మడి వేసి మెత్తగా ఉడికించి, పళ్ళు లేని నోటికి అంత హాయిగా దిగేది ఇంకోటి లేదు. మీరు సముద్రం పక్కనే ఉన్నారు, ముల్లు తీసిన మెత్తటి చేప రెండు ముక్కలు పులుసులో వేసి పెడితే అదొక్కటే పది గ్రాముల ప్రోటీన్. ఎండు చేపలో ఉప్పెక్కువ, రుచికి చిన్న ముక్క చాలు. గుడ్డు ఉడకబెట్టి ఇస్తే గొంతు పట్టుకుంటుందంటారు, పాలు పోసి మెత్తగా పొరుటు చేయండి, ఒక గుడ్డు 6 గ్రాములు.

డబ్బా గురించి చెల్లెలు అన్నది పూర్తిగా తప్పేమీ కాదు. పోషకాహార పానీయం డాక్టర్లు రాసేటప్పుడు లెక్క ఏంటంటే రోజుకి కనీసం 400 కేలరీలు, 30 గ్రాముల ప్రోటీన్, కనీసం నెల రోజులు. మన వాళ్ళు చేసేది పొద్దున ఒక చెంచా నీళ్ళల్లో కలిపి ఇవ్వడం, అది డోసులో పదో వంతు కూడా కాదు. సరైన డోసులో వాడితే 200 గ్రాముల డబ్బా రెండు మూడు రోజులకే అయిపోతుంది, ఆ ఖర్చు నెలంతా పెట్టగలరో లేదో చూసుకోండి. కొంటే వెనక లేబుల్ మీద 100 గ్రాములకి ప్రోటీన్ ఎంతో చదవండి, చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం ముందు వరసలో ఉండి ప్రోటీన్ 15 గ్రాముల లోపుంటే కొనకుండా షాపులోనే వదిలేయండి. నేను చాలా ఇళ్ళకి చెప్పేది ఇంట్లో పొడి, ఒడిశా అంగన్‌వాడీల్లో ఇచ్చే ఛతువా లాంటిదే. పుట్నాలపప్పు, వేయించి పొట్టు తీసిన వేరుశనగ గుళ్ళు, పాలపొడి మూడూ సమానంగా, మెత్తగా దంచి జల్లించి పెట్టుకోండి. 30 గ్రాములు, అంటే మూడు నిండు చెంచాలు, గ్లాసు గోరువెచ్చని పాలల్లో కలిపితే దాదాపు 14 గ్రాముల ప్రోటీన్, 260 కేలరీలు వస్తాయి. మీ అమ్మగారికి రిపోర్టులు వచ్చేదాకా సగం గ్లాసుతో మొదలుపెట్టండి, వేరుశనగలోనూ పాలపొడిలోనూ పొటాషియం, ఫాస్ఫరస్ ఉంటాయి కాబట్టి పెంచేది రిపోర్టు చూసే. పలాస జీడిపప్పు ముక్క దొరికితే దాల్మాలో నాలుగు రుబ్బి వేయండి.

మూడు పూటలు అనే లెక్క మర్చిపోండి. రెండున్నర గంటలకోసారి కొంచెం కొంచెం, రోజుకి ఆరు సార్లు, రాత్రి పడుకునే ముందు ఒక అర గ్లాసు పాలు తప్పనిసరి, లేకపోతే సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఎనిమిది దాకా పదమూడు గంటలు ఖాళీ కడుపు. పొద్దున టిఫిన్లో కూడా ప్రోటీన్ ఉండాలి, ఇడ్లీకి పల్లీ చట్నీ. ఒక నోటుబుక్కు పెట్టి ఏ పూట పెట్టింది ఎంత, తిన్నది సగమా పావా రాయండి. ఇంట్లో అందరూ అమ్మ తింది అంటారు, పుస్తకం చూస్తే రోజంతా కలిపి 400 కేలరీలే ఉంటాయి.

తినట్లేదంటే ఎందుకో వెతకాలి, ఊరికే బతిమాలితే లాభం లేదు. టార్చి వేసి నోరు చూడండి, యాంటీబయోటిక్స్ తరవాత నాలుక మీద తెల్లగా పెరుగు పట్టినట్టు ఉంటే ఫంగస్, వారం మందుతో పోతుంది, నోటికి రుచి వచ్చేస్తుంది. కట్టుడు పళ్ళు ఉంటే బరువు తగ్గాక వదులైపోతాయి, నమిలితే నొప్పి. విరేచనం ఎన్నాళ్ళయింది అని అడగండి, నొప్పి మాత్రలకీ ఐరన్ మాత్రలకీ కట్టేస్తుంది, అది కదిలేదాకా ఆకలి పుట్టదు. నొప్పి మాత్ర భోజనానికి అరగంట ముందు ఇవ్వండి, కూర్చోగలుగుతారు. షుగరు మందు మెట్‌ఫార్మిన్ ఉంటే అది కూడా ఆకలి చంపుతుంది, ఆ వడపోతకి అసలు వాడాలా అని డాక్టరుని అడగండి. తాగేటప్పుడు దగ్గు వస్తున్నా, గొంతు తడిగా గరగరలాడుతున్నా మింగడంలో తేడా ఉంది, పక్షవాతం వచ్చిన వాళ్ళలో ఇది మరీ ఎక్కువ, అలాంటప్పుడు బలవంతంగా నోట్లో పోయొద్దు, ముక్కు గొట్టం అవసరమా అనేది ఆసుపత్రిలో తేలాలి. ఇవేవీ కాకపోతే దిగులు. పడిపోయాక పెద్దవాళ్ళకి ఇక నా పని అయిపోయిందనే భయం పట్టుకుంటుంది. మంచం మీద పళ్ళెం పెట్టి వెళ్ళిపోకండి, ఎవరో ఒకరు పక్కన కూర్చుని కలిసి తినండి, ఆవిడకి ఇష్టమైన ఆవకాయ నాలుకకి తగిలేంత పెట్టండి, చప్పిడి తిండితో ఎవరికీ ఆకలి రాదు.

తిండితో పాటు కదలిక కూడా ఉండాలి, లేకపోతే కొవ్వు పడుతుంది కానీ కండ రాదు. ఎముకల డాక్టరు ఎంత బరువు మోపొచ్చన్నారో కనుక్కుని వాకర్‌తో రోజుకి మూడు నాలుగు సార్లు లేపండి, భోజనం మంచం మీద కాకుండా కుర్చీలో.

ఇంకా ఆసుపత్రిలోనే ఉన్న పెద్దవాళ్ళ తాలూకు వాళ్ళు ఇది చదువుతుంటే మీకు రెండు మాటలు. చేరిన రోజే బరువు తూయించి కాగితం మీద రాయించండి. ఆపరేషన్ అని రాత్రి నుంచి కడుపు మాడ్చి, అది సాయంత్రానికి, మళ్ళీ రేపటికి వాయిదా పడటం మామూలే, ఎన్ని గంటలకి తీసుకెళ్తారో కనుక్కుని అడగండి, మామూలుగా తేలిక ఆహారం ఆరు గంటల ముందు దాకా, మంచినీళ్ళు రెండు గంటల ముందు దాకా ఇవ్వొచ్చు, మీ మనిషికి మత్తు డాక్టరు ఏమంటే అది. వార్డులో సిస్టర్లు ఒడియాలో అడిగితే సిగ్గుపడి తిన్నానని తలూపేసే మన తెలుగు ముసలమ్మలు చాలామంది, పక్కన ఉన్నవాళ్ళే పళ్ళెం చూపించి ఎంత మిగిలిందో చెప్పాలి. డిశ్చార్జ్ రోజు బిల్లు కట్టే ముందే అడగండి, రోజుకి ఎన్ని కేలరీలు, ఎంత ప్రోటీన్, ఎన్నాళ్ళు, మళ్ళీ బరువు ఎప్పుడు చూపించాలి, కాగితం మీద రాసివ్వమనండి.

మీకు మళ్ళీ. వారానికోసారి ఒకే రోజు, పొద్దున్నే బరువు చూడండి, వారానికి పావు కిలో నుంచి అర కిలో పెరిగితే బాగా వెళ్తున్నట్టు, రెండు మూడు రోజుల్లోనే కిలో పెరిగితే అది నీరు, వెంటనే చూపించాలి. ఆయాసం, గుండెదడ, ఉన్నట్టుండి అయోమయం, మూత్రం తగ్గడం, ఒక రోజంతా ఏమీ తినకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆర్‌ఎంపీ దగ్గర ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రేపు పొద్దున సోడియం, పొటాషియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం, క్రియాటినిన్, షుగరు పరీక్షలకి రక్తం ఇప్పించి, ఆవిడ వాడుతున్న మందుల పేర్లన్నీ రిపోర్టులతో పాటు ఇక్కడ పెట్టండి, అవి చూసి రెండో వారం నుంచి ఏం పెంచాలో రాస్తాను.